ట్రిగ్గర్ వరుసకా, స్టేట్‌మెంట్‌కా: డేటాబేస్‌లో ఈ ఎంపిక ఎక్కడ తేలుతుంది

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. నెయ్యి, వెన్న 12 శాతం నుంచి 5కి దిగాయి. సబ్బులు, టూత్‌పేస్టు, తలనూనె 18 నుంచి 5కి, ఏసీలు, సిమెంటు 28 నుంచి 18కి వచ్చాయి. కొనేవాళ్లకు ఇది ధరల వార్త. దుకాణాల బిల్లింగ్ డేటాబేస్‌లు చూసుకునేవాళ్లకు మాత్రం వేల వరుసలను ఒకేసారి మార్చాల్సిన పని. రోజుకు పదో ఇరవయ్యో ధరలు మారుతూ ఏళ్ల తరబడి సాఫీగా నడిచిన టేబుల్ ఒక్క స్టేట్‌మెంట్‌తో (డేటాబేస్‌కు ఇచ్చే ఒక ఆదేశంతో) వేల వరుసలు మారినప్పుడు ఎలా ప్రవర్తిస్తుందో ఇలాంటి రాత్రి తెలుస్తుంది. ఆ టేబుల్ మీద ట్రిగ్గర్లు (టేబుల్‌లో మార్పు జరిగినప్పుడు డేటాబేస్ తనంతట తాను నడిపే చిన్న కోడ్) ఉంటే, వాటిని రాసిన రోజు ఎవరూ పెద్దగా ఆలోచించకుండా తేల్చేసిన విషయం ఒకటి ముందుకొస్తుంది. ట్రిగ్గర్ ప్రతి వరుసకూ నడవాలా, స్టేట్‌మెంట్ మొత్తానికి ఒక్కసారి నడవాలా?

దీన్ని చాలామంది వేగానికి సంబంధించిన ప్రశ్నగానే చూస్తారు. స్టేట్‌మెంట్-లెవెల్ (స్టేట్‌మెంట్‌కొకసారి) వేగం, రో-లెవెల్ (వరుసకొకసారి) నెమ్మది అని ఒక ముక్కలో చెప్పేస్తారు. సగం నిజమే. కానీ అసలు తేడా ట్రిగ్గర్‌కు ఏం కనిపిస్తుంది అన్న దగ్గర ఉంది. వేగం దాని వెనకే వస్తుంది.

ఒక సూపర్‌మార్కెట్ సరుకుల టేబుల్‌లో 40 వేల వరుసలు ఉన్నాయనుకుందాం. పన్ను మార్చే అప్‌డేట్ ఒకటి 18 వేల వరుసలను తాకుతుంది. ఆ మార్పుతో పాటు అయిదు పనులు జరగాలి. ప్రతి వరుసలో "చివరిసారి మారిన సమయం" నిండాలి. పన్నుతో కలిపిన ధరను పైసల్లో సవరించాలి. పాత ధర చరిత్ర టేబుల్‌లోకి వెళ్లాలి. మొత్తం 8 విభాగాలకు, విభాగానికో వరుస చొప్పున ఉన్న నిల్వ విలువల సారాంశ టేబుల్ సరికావాలి. కౌంటర్లలోని యంత్రాలకు "ధరలు మారాయి, మళ్లీ తెచ్చుకోండి" అన్న కబురు పోవాలి. అయిదింటినీ ఒకే ట్రిగ్గర్‌లో కుక్కేయడం చాలా చోట్ల కనిపించే అలవాటు. నిజానికి వీటిలో మొదటి రెండు ఒక జాతి, చివరి రెండు ఇంకో జాతి. మూడోది అటూ ఇటూ పోగలదు.

ఎవరు ఎప్పుడు నడుస్తారు

ట్రిగ్గర్లకు ప్రామాణిక రూపం 1999 నాటి ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లకు ఆదేశాలిచ్చే భాష) ప్రమాణంలో వచ్చింది. అప్పటికే ఒరాకిల్, సైబేస్ లాంటివి తమ సొంత పద్ధతుల్లో ట్రిగ్గర్లు ఇచ్చేశాయి కాబట్టి ఆ ప్రమాణం వచ్చాక కూడా ఇంజిన్ల (డేటాబేస్ సాఫ్ట్‌వేర్ల) మధ్య తేడాలు అలాగే మిగిలిపోయాయి. ప్రమాణం ప్రకారం "ఫర్ ఈచ్ రో" అని రాస్తే వరుసకొకసారి, "ఫర్ ఈచ్ స్టేట్‌మెంట్" అని రాస్తే స్టేట్‌మెంట్‌కొకసారి. ఏదీ రాయకపోతే స్టేట్‌మెంట్ అని అర్థం. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ రెండూ దీన్నే పాటిస్తాయి. ఎస్‌క్యూలైట్‌లో ఆ మాట వదిలేస్తే మాత్రం వరుసకొకసారి అని అర్థం, ఎందుకంటే దానికి ఇంకో రకం తెలియదు.

రెండు రకాలూ ఉన్న ఇంజిన్‌లో క్రమం ఇలా ఉంటుంది. ముందుగా బిఫోర్ స్టేట్‌మెంట్ ట్రిగ్గర్ ఒకసారి నడుస్తుంది. తర్వాత ప్రతి వరుసకూ బిఫోర్ రో, ఆ వరుస మార్పు, ఆఫ్టర్ రో. చివర ఆఫ్టర్ స్టేట్‌మెంట్ ఒకసారి. పాఠ్యపుస్తకాల్లో బొమ్మ ఇంతే. అయితే ఆఫ్టర్ రో ట్రిగ్గర్ సరిగ్గా ఏ క్షణంలో నడుస్తుందన్న దగ్గర ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ వేరు దారులు పట్టాయి. రెండింటి మధ్య కోడ్ మోసుకెళ్లేవాళ్లను తికమక పెట్టేది ఎక్కువగా ఇదే.

ఒరాకిల్‌లో ఒక వరుస మారిన వెంటనే దాని ఆఫ్టర్ రో ట్రిగ్గర్ నడుస్తుంది. 18 వేల వరుసల్లో 500వ వరుస దగ్గర ఉన్నప్పుడు టేబుల్ సగం పాతగా, సగం కొత్తగా ఉంటుంది. ఆ క్షణంలో ట్రిగ్గర్ అదే టేబుల్‌ను చదివి "ఈ విభాగం మొత్తం విలువ ఎంత" అని అడిగితే, జవాబు ఇంజిన్ వరుసలను ఏ క్రమంలో తీసుకుంది అన్నదాని మీద ఆధారపడుతుంది. ఇండెక్స్ (వరుసలను త్వరగా వెతికే సూచిక) మారితే క్రమం మారుతుంది, క్రమం మారితే జవాబు మారుతుంది. అలాంటి జవాబు ఇవ్వడం కంటే ఇవ్వకపోవడమే మేలని ఒరాకిల్ తేల్చుకుంది. అందుకే ఓఆర్ఏ-04091, అంటే "టేబుల్ ఈజ్ మ్యుటేటింగ్" అన్న లోపం వస్తుంది. ఒరాకిల్ మీద పనిచేసే ప్రతి డెవలపర్‌కూ ఎప్పుడో ఒకప్పుడు తగిలే లోపం ఇది. దీన్ని ఎలా దాటాలా అని వెతికేవాళ్లు కొందరు ట్రిగ్గర్‌లో అటానమస్ ట్రాన్సాక్షన్ (అసలు మార్పుతో సంబంధం లేకుండా విడిగా నడిచే పని) పెట్టేస్తుంటారు. అప్పుడు లోపం పోతుంది కానీ ట్రిగ్గర్‌కు కనిపించేది ఇంకా కమిట్ కాని (ఖాయం కాని) మార్పుకు ముందున్న పాత టేబుల్. తప్పు లెక్కే, కాకపోతే ఈసారి హెచ్చరిక లేకుండా. అది లోపాన్ని సరిచేయడం అనిపించుకోదు.

పోస్ట్‌గ్రెస్‌లో ఆఫ్టర్ రో ట్రిగ్గర్లు వెంటనే నడవవు. ఏ వరుసకు నడవాలో ఒక క్యూలో రాసుకుని, స్టేట్‌మెంట్ అన్ని వరుసలనూ మార్చాక వరుసగా నడుపుతుంది. కాబట్టి ఆఫ్టర్ రో ట్రిగ్గర్‌లో అదే టేబుల్‌ను చదివినా పూర్తిగా మారిన టేబులే కనిపిస్తుంది. మ్యుటేటింగ్ లోపం రాదు. అంతా బాగానే ఉందనిపిస్తుంది. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఒకే మొత్తాన్ని 18 వేల సార్లు లెక్కపెట్టినా జవాబు అదే, ఖర్చు మాత్రం 18 వేల రెట్లు. రెండోది ఇంకా ప్రమాదం. బిఫోర్ రో ట్రిగ్గర్ అదే టేబుల్‌ను చదివితే, మామూలు వొలటైల్ ఫంక్షన్‌కు (ప్రతి క్వెరీకీ తాజా స్థితిని చూసే రకానికి) అప్పటివరకూ మారిన వరుసల్లో కొత్త విలువలు, మిగతావాటిలో పాత విలువలు కనిపిస్తాయి. ఒరాకిల్ ఏ పనికి లోపం చూపి ఆపేస్తుందో, పోస్ట్‌గ్రెస్ ఆ పనిని నోరు మెదపకుండా చేసేస్తుంది. వరుసలు ఒకటొకటిగా వస్తున్నంత కాలం ఆ తేడా బయటపడదు.

దీన్నుంచి ఒక ముతక సూత్రం వస్తుంది. ట్రిగ్గర్ తన చేతిలోని వరుసను తప్ప ఇంకేమీ చూడకుండా, ఇంకేమీ తాకకుండా పని ముగించగలిగితే అది రో-లెవెల్ పని. ఇంకో వరుసను చదవాల్సి వచ్చినా, ఇంకో టేబుల్‌లో పంచుకునే వరుసను మార్చాల్సి వచ్చినా అది స్టేట్‌మెంట్-లెవెల్ పని. సమయం నింపడం, ధర సవరించడం మొదటి కోవలోవి. సారాంశం, కబురు రెండో కోవలోవి.

బిఫోర్ రో చేసే పని ఇంకెవరూ చేయలేరు

వరుసను రాయకముందే దాని రూపం మార్చే అధికారం బిఫోర్ రో ట్రిగ్గర్‌కు మాత్రమే ఉంది. కొత్త విలువలో సమయం పెట్టి, ధర సవరించి వెనక్కి ఇస్తే అదే టేబుల్‌లోకి పోతుంది. రాత ఒక్కసారే. పోస్ట్‌గ్రెస్‌లో నల్ (ఖాళీ విలువ) తిరిగి ఇస్తే ఆ వరుస మీద ఆపరేషనే ఆగిపోతుంది. ఇది బలం, భయం రెండూ. ఏదో షరతులో పొరపాటున నల్ ఇచ్చిన ట్రిగ్గర్ వల్ల డిలీట్‌లు చడీచప్పుడు లేకుండా జరగకపోవడం అనే వింత రోగం వస్తుంది. డిలీట్‌లో కొత్త విలువ నల్లే కాబట్టి, ఇన్సర్ట్ కోసం రాసిన ఫంక్షన్‌ను యథాతథంగా డిలీట్‌కు కూడా తగిలిస్తే జరిగేది సరిగ్గా ఇదే.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో బిఫోర్ ట్రిగ్గరే లేదు. ఉన్నవి ఆఫ్టర్, ఇన్‌స్టెడ్ ఆఫ్ అనే రెండు, రెండూ స్టేట్‌మెంట్‌కు ఒక్కసారే నడుస్తాయి. "చివరిసారి మారిన సమయం" నింపాలంటే ఆఫ్టర్ ట్రిగ్గర్‌లో అదే టేబుల్ మీద ఇంకో అప్‌డేట్ వేయాలి. 18 వేల వరుసలూ రెండుసార్లు రాస్తారన్నమాట. రికర్సివ్ ట్రిగ్గర్స్ అనే డేటాబేస్ సెట్టింగ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి ట్రిగ్గర్ తనను తాను మళ్లీ లేపుకోదు. ఎవరో దాన్ని ఆన్ చేసిన రోజు కథ వేరు.

ఇక్కడే ఇంకో మాట. ధర సవరణ లాంటి లెక్క పూర్తిగా అదే వరుసలోని ఇతర కాలమ్‌ల మీదే ఆధారపడితే దానికి ట్రిగ్గర్ ఎందుకు? పోస్ట్‌గ్రెస్ 12 నుంచి జనరేటెడ్ కాలమ్ (ఇతర కాలమ్‌ల నుంచి డేటాబేసే లెక్కగట్టే కాలమ్) ఉంది. విలువ హద్దులో ఉందో లేదో చూడడానికి చెక్ కన్‌స్ట్రెయింట్ ఉంది. రో-లెవెల్ ట్రిగ్గర్లుగా కనిపించే వాటిలో మంచి వంతు ఈ రెండింటితో తీరిపోయేవే.

మొత్తం మార్పు ఒక టేబుల్‌గా

స్టేట్‌మెంట్-లెవెల్ ట్రిగ్గర్‌కు చాలా కాలం వచ్చిన చెడ్డపేరు న్యాయమైనదే. పోస్ట్‌గ్రెస్‌లో వెర్షన్ 10 దాకా అలాంటి ట్రిగ్గర్‌కు "ఏదో మారింది" అని తెలిసేది తప్ప ఏ వరుసలు మారాయో తెలుసుకునే దారి లేదు. కబురు పంపడానికి, రాత్రి వేళ మార్పులు ఆపడానికి తప్ప దానితో పెద్ద ఉపయోగం ఉండేది కాదు. 2017లో వెర్షన్ 10తో ట్రాన్సిషన్ టేబుల్స్ వచ్చాక ఆ బొమ్మ మారింది. ఆఫ్టర్ ట్రిగ్గర్ ప్రకటనలో "రెఫరెన్సింగ్ ఓల్డ్ టేబుల్, న్యూ టేబుల్" అని పేర్లు పెడితే, మారకముందు వరుసలన్నీ ఒక టేబుల్‌గా, మారాక వరుసలన్నీ ఇంకో టేబుల్‌గా ట్రిగ్గర్ లోపల దొరుకుతాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో "ఇన్సర్టెడ్", "డిలీటెడ్" అనే పేర్లతో ఉన్నవి ఇవే. అవి సైబేస్ కాలం నుంచి వస్తున్నాయి.

విభాగాల సారాంశం దగ్గర ఈ తేడా ఎంతదో కొలిచి చూడవచ్చు. రో-లెవెల్‌లో రాస్తే 18 వేల వరుసలకు 18 వేల అప్‌డేట్‌లు, అవన్నీ 8 సారాంశ వరుసల మీదే. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి అప్‌డేట్ పాత వరుసను తుడిచేయదు, పక్కన కొత్త ప్రతి రాస్తుంది. అదే ట్రాన్సాక్షన్‌లో (అంతా కలిసి ఖాయమయ్యే లేదా రద్దయ్యే మార్పుల కట్టలో) పుట్టి అదే ట్రాన్సాక్షన్‌లో పాతబడిన ప్రతులను ఆ ట్రాన్సాక్షన్ ముగిసేదాకా శుభ్రం చేయలేరు. విభాగానికి సగటున 2,250 అప్‌డేట్‌లు పడతాయి. చివరి అప్‌డేట్ తనకు కావాల్సిన తాజా ప్రతిని పట్టుకోవడానికి ముందున్న రెండు వేల పైచిలుకు చచ్చిన ప్రతులను దాటుకుంటూ పోవాలి. మొదటి నుంచి చివరిదాకా కలిపితే ఒక్కో విభాగానికి సుమారు 25 లక్షల అడుగులు, 8 విభాగాలకు దాదాపు 2 కోట్లు. వరుసల సంఖ్య రెట్టింపైతే ఈ శ్రమ నాలుగు రెట్లవుతుంది. వంద వరుసలతో టెస్ట్ చేసినప్పుడు కనిపించని నెమ్మది లక్ష వరుసల దగ్గర గంటల్లోకి ఎందుకు పోతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. "ట్రిగ్గర్ ఫంక్షన్‌ను పిలిచే ఖర్చు" అని అందరూ చెప్పేది దీని ముందు చిల్లర.

స్టేట్‌మెంట్-లెవెల్‌లో అదే పని: న్యూ టేబుల్‌ను విభాగాల వారీగా కూడి కలపాలి, ఓల్డ్ టేబుల్‌ను విభాగాల వారీగా కూడి తీసేయాలి. ఎనిమిది అప్‌డేట్‌లు. ఇందులో ఒక చక్కటి సంగతి ఉంది. పాత వరుస ఏది, దానికి జతైన కొత్త వరుస ఏది అని ఇక్కడ తెలియనవసరం లేదు. ఒక సరుకు ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి మారినా లెక్క తప్పదు. ఓల్డ్ టేబుల్ పాత విభాగం నుంచి తీసేస్తుంది, న్యూ టేబుల్ కొత్త విభాగంలో కలుపుతుంది.

జత తెలియాల్సి వచ్చినప్పుడే స్టేట్‌మెంట్-లెవెల్ తడబడుతుంది. ట్రాన్సిషన్ టేబుల్స్ రెండింటినీ కలిపి ఉంచే దారం ఏదీ ఇంజిన్ ఇవ్వదు. ప్రైమరీ కీ (ప్రతి వరుసనూ గుర్తించే ప్రత్యేక విలువ) మీద జాయిన్ చేసుకోవాలి. అప్‌డేట్ ఆ ప్రైమరీ కీనే మార్చితే జత దొరకదు. రో-లెవెల్‌లో ఓల్డ్, న్యూ రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఈ సమస్యే రాదు. చరిత్ర టేబుల్ పని అటూ ఇటూ పోగలదు అన్నది ఇందుకే. పాత వరుసలను ఉన్నవి ఉన్నట్టు దాచితే చాలు అనుకుంటే ఓల్డ్ టేబుల్ నుంచి ఒకే ఇన్సర్ట్‌తో అయిపోతుంది, జత అక్కర్లేదు. ఏ కాలమ్ దేని నుంచి దేనికి మారిందో కాలమ్ వారీగా రాయాలంటే, కీలు మారే అవకాశం కూడా ఉంటే, రో-లెవెల్ నమ్మకమైనది. పైగా పోస్ట్‌గ్రెస్‌లో రో ట్రిగ్గర్‌కు "వెన్" షరతు పెట్టి పాత, కొత్త విలువలు వేరైతేనే నడవమనవచ్చు. ఆఫ్టర్ ట్రిగ్గర్ అయితే షరతు తప్పిన వరుస క్యూలోకి కూడా ఎక్కదు. నిజంగా మారే వరుసలు తక్కువగా ఉండే అప్‌డేట్‌లలో ఇది గట్టి సాయం.

ట్రాన్సిషన్ టేబుల్స్‌కు ఇంకొన్ని పరిమితులున్నాయి. పోస్ట్‌గ్రెస్‌లో అవి ఉన్న ట్రిగ్గర్‌కు ఇన్సర్ట్, అప్‌డేట్ రెండూ కలిపి ఒకే ప్రకటనలో ఇవ్వలేరు, కాలమ్‌ల జాబితా కూడా ఇవ్వలేరు. మూడు ట్రిగ్గర్లు పెట్టి ఒకే ఫంక్షన్‌ను పిలిపించుకోవాలి. వాటి మీద ఇండెక్స్ ఉండదు. అయినా జ్ఞాపకం దగ్గర అవే నయం. వర్క్ మెమరీ పరిమితి దాటితే ట్రాన్సిషన్ టేబుల్ డిస్క్‌లోకి పోతుంది, ఆఫ్టర్ రో క్యూ మాత్రం మెమరీలోనే పెరుగుతుంది.

ఒక్క వరుసే వస్తుందన్న నమ్మకం

ఎస్‌క్యూఎల్ సర్వర్ ప్రపంచంలో తరతరాలుగా తిరిగే బగ్ ఒకటుంది. ట్రిగ్గర్‌లో ఒక వేరియబుల్ ప్రకటించి, "ఇన్సర్టెడ్" టేబుల్ నుంచి ఐడీని అందులోకి తీసుకుని, ఆ ఐడీతో మిగతా పని చేసేయడం. ఇన్సర్టెడ్‌లో ఒక్క వరుస ఉంటే పనిచేస్తుంది. 18 వేలు ఉంటే వాటిలో ఏదో ఒక్క ఐడీ వేరియబుల్‌లో మిగులుతుంది, ఒక్క సరుకు చరిత్ర మాత్రమే నమోదవుతుంది. లోపం రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు. ఆడిట్ వాళ్లు అడిగిన రోజున 17,999 వరుసలు లేవని తెలుస్తుంది. రాసినవారు రో-లెవెల్‌గా ఆలోచించి స్టేట్‌మెంట్-లెవెల్ ఇంజిన్‌లో రాశారు, అంతే. దీనికి మందుగా ట్రిగ్గర్‌లో కర్సర్ పెట్టి వరుస వరుసకూ తిరిగేవాళ్లున్నారు. లెక్క సరిపోతుంది కానీ అది చేత్తో కట్టుకున్న రో-లెవెల్ ట్రిగ్గర్, అసలైన దానికంటే నెమ్మది. ఇన్సర్టెడ్‌ను మామూలు టేబుల్‌లా జాయిన్ చేయడమే సరైన రాత.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. స్టేట్‌మెంట్ ట్రిగ్గర్ నడిచిందంటే ఏదో ఒక వరుస మారి ఉంటుందనుకోవడం. షరతుకు ఒక్క వరుస కూడా దొరకకపోయినా అది నడుస్తుంది. కౌంటర్లకు అనవసర కబుర్లు పోయేది ఈ దారినే. ట్రాన్సిషన్ టేబుల్ ఖాళీగా ఉందేమో మొదటి గీతలోనే చూసుకుని వెనక్కి రావడం మంచి అలవాటు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కొందరు దీనికి రోకౌంట్‌ను (ఎన్ని వరుసలు మారాయన్న సంఖ్యను) చూస్తారు. స్టేట్‌మెంట్ మెర్జ్ (చేర్చడం, మార్చడం, తీసేయడం ఒకే ఆదేశంలో చేసేది) అయితే ఆ సంఖ్య ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్ అన్నీ కలిపిన మొత్తం, కాబట్టి నమ్మకూడదు.

ఇక స్టేట్‌మెంట్ అంటే ఏమిటో నిర్ణయించేది డేటాబేస్ కాదు, అప్లికేషన్. రేట్లు మార్చే స్క్రీన్ వెనక హైబర్నేట్ లాంటి ఓఆర్ఎం (ప్రోగ్రాంలోని ఆబ్జెక్టులను టేబుల్ వరుసలుగా మార్చే పొర) ఉండి, 18 వేల ఆబ్జెక్టులను లోడ్ చేసి ఒక్కొక్కటిగా సేవ్ చేస్తే డేటాబేస్‌కు చేరేవి 18 వేల స్టేట్‌మెంట్లు. జేడీబీసీ (జావా ప్రోగ్రాం డేటాబేస్‌తో మాట్లాడే మార్గం) బ్యాచ్‌లో పంపినా నెట్‌వర్క్ ప్రయాణాలు తగ్గుతాయి తప్ప స్టేట్‌మెంట్లు కలిసిపోవు. అప్పుడు స్టేట్‌మెంట్-లెవెల్ ట్రిగ్గర్ కూడా 18 వేల సార్లే నడుస్తుంది, ప్రతిసారీ ఒక్క వరుస ట్రాన్సిషన్ టేబుల్ కట్టుకుంటూ. ట్రిగ్గర్‌ను ఎంత చక్కగా మార్చినా లాభం కనిపించలేదని ఫిర్యాదు వస్తే ముందుగా చూడాల్సింది లాగ్‌లో స్టేట్‌మెంట్లు ఎలా వస్తున్నాయన్నదే.

ఒరాకిల్ మధ్యేమార్గం, మైఎస్‌క్యూఎల్‌కు ఉన్న ఒకే మార్గం

ఒరాకిల్‌లో టేబుల్ మీది ట్రిగ్గర్లకు ట్రాన్సిషన్ టేబుల్స్ లేవు. స్టేట్‌మెంట్ ట్రిగ్గర్‌కు మారిన వరుసలు కనిపించవు, రో ట్రిగ్గర్‌కు టేబుల్ కనిపించదు. పాత రోజుల్లో దీనికి విరుగుడు మూడు ట్రిగ్గర్లు, ఒక ప్యాకేజీ (కోడ్, వేరియబుల్స్ కలిపి ఉంచే చోటు): బిఫోర్ స్టేట్‌మెంట్‌లో ప్యాకేజీ వేరియబుల్‌ను ఖాళీ చేయడం, రో ట్రిగ్గర్‌లో ఐడీలు అందులో పోగేయడం, ఆఫ్టర్ స్టేట్‌మెంట్‌లో వాటిని తీసి పని చేయడం. 11జీలో వచ్చిన కాంపౌండ్ ట్రిగ్గర్ ఈ మూడింటినీ ఒకే శరీరంలో పెట్టింది. పోగేసిన డేటా ఆ స్టేట్‌మెంట్‌తోనే పుట్టి దానితోనే పోతుంది, మధ్యలో లోపం వచ్చినా సరే. పాత పద్ధతిలో స్టేట్‌మెంట్ సగంలో పడిపోతే ప్యాకేజీలో మిగిలిన చెత్త సెషన్‌లో అలాగే ఉండేది. ఒరాకిల్‌లో వరుసల సమాచారం, మొత్తం టేబుల్ రెండూ కావాల్సిన పనికి కాంపౌండ్ ట్రిగ్గరే తిన్నని దారి.

ఒరాకిల్ గురించి తక్కువగా చెప్పుకునే విషయం ఇంకొకటి. అప్‌డేట్ నడుస్తుండగా వేరే సెషన్ ఆ వరుసను మార్చి కమిట్ చేస్తే ఒరాకిల్ ఆ స్టేట్‌మెంట్‌ను వెనక్కి తీసుకుని మళ్లీ మొదలుపెట్టవచ్చు. అప్పుడు బిఫోర్ ట్రిగ్గర్ ఒకే వరుసకు రెండోసారి నడుస్తుంది. డేటాబేస్‌లో చేసిన మార్పులు వెనక్కిపోతాయి కానీ ట్రిగ్గర్ నుంచి పంపిన ఈమెయిల్ వెనక్కి రాదు. బయటి ప్రపంచాన్ని తాకే పని రో ట్రిగ్గర్‌లో ఉండకూడదనడానికి ఇది చాలు.

మైఎస్‌క్యూఎల్‌లో 2005లో వెర్షన్ 5.0తో ట్రిగ్గర్లు వచ్చినప్పటి నుంచీ ఉన్నది రో-లెవెల్ ఒక్కటే. ఎంపిక లేదు కాబట్టి ప్రశ్న మారుతుంది: రో ట్రిగ్గర్‌ను ఎంత తేలికగా ఉంచవచ్చు? ట్రిగ్గర్ ఉన్న టేబుల్‌నే మార్చబోతే 1442 నంబరు లోపంతో ఆగిపోతుంది. సారాంశాన్ని నేరుగా మార్చే బదులు, "ఈ విభాగం, ఇంత తేడా" అని ఒక టేబుల్‌లో వరుస చేర్చి ఊరుకుని, ఈవెంట్ షెడ్యూలర్‌తో కొన్ని నిమిషాలకొకసారి వాటిని కూడి సారాంశంలో కలపడం ఇక్కడ బాగా పనిచేసే పద్ధతి. సారాంశం కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. బిల్లింగ్ కౌంటర్‌కు అది పట్టదు, సాయంత్రం రిపోర్టుకు అసలే పట్టదు. ఫారిన్ కీ క్యాస్కేడ్ వల్ల మారిన వరుసలకు మైఎస్‌క్యూఎల్‌లో ట్రిగ్గర్లు నడవవన్నది కూడా గుర్తుంచుకోవాలి. తండ్రి వరుసను తీసేస్తే పిల్ల వరుసలు పోతాయి కానీ చరిత్ర టేబుల్‌కు ఆ సంగతి తెలియదు.

ఒకేసారి ఇద్దరు

మొత్తం టేబుల్‌ను చూసి నియమం అమలు చేసే పనికి స్టేట్‌మెంట్-లెవెల్ సరైన చోటు అన్నాక, దాన్ని అతిగా నమ్మే ప్రమాదం ఉంది. ఒక విభాగంలో డిస్కౌంట్ ఉన్న సరుకులు 100 దాటకూడదన్న నియమం తీసుకుంటే, ఆఫ్టర్ స్టేట్‌మెంట్ ట్రిగ్గర్ లెక్కపెట్టి, దాటితే లోపం చూపుతుంది. ఇప్పటికే 99 ఉన్నాయి. ఇద్దరు మేనేజర్లు ఒకే క్షణంలో చెరొకటి చేరుస్తారు. ఒకరి కమిట్ కాని మార్పు ఇంకొకరికి కనిపించదు కాబట్టి ఇద్దరి ట్రిగ్గర్లకూ 100 అనే కనిపిస్తుంది. ఇద్దరూ కమిట్ చేస్తారు, 101 అవుతుంది. ట్రిగ్గర్ ఏ లెవెల్‌లో ఉన్నా ఈ చిక్కు తీరదు. ముందుగా విభాగం వరుసను లాక్ చేయాలి, లేదా సీరియలైజబుల్ ఐసొలేషన్‌లో (ట్రాన్సాక్షన్లు ఒకదాని తర్వాత ఒకటి నడిచినట్టే ఫలితం ఇచ్చే స్థాయిలో) నడపాలి.

లాక్‌ల విషయంలో స్టేట్‌మెంట్-లెవెల్‌కు ఒక మేలు ఉంది. రో ట్రిగ్గర్ సారాంశ వరుసలను సరుకులు వచ్చిన క్రమంలో పట్టుకుంటుంది. ఒక సెషన్ కిరాణా తర్వాత కాస్మెటిక్స్, ఇంకో సెషన్ కాస్మెటిక్స్ తర్వాత కిరాణా పట్టుకుంటే డెడ్‌లాక్, అంటే ఒకరి కోసం ఒకరు ఆగిపోవడం. స్టేట్‌మెంట్ ట్రిగ్గర్‌లో సంబంధిత సారాంశ వరుసలను ముందుగానే ఐడీ క్రమంలో "సెలెక్ట్ ఫర్ అప్‌డేట్"తో లాక్ చేసుకునే వీలుంది. రో-లెవెల్‌లో ఆ వీలే లేదు.

ట్రిగ్గర్‌ను దాటిపోయే దారులు

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో బల్క్ ఇన్సర్ట్ మామూలుగా ట్రిగ్గర్లను నడపదు, ఫైర్ ట్రిగ్గర్స్ అని ప్రత్యేకంగా చెప్పాలి. పోస్ట్‌గ్రెస్ కాపీ కమాండ్ మాత్రం నడుపుతుంది. ట్రంకేట్‌కు (టేబుల్ మొత్తం ఖాళీ చేసే ఆదేశానికి) మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలో ట్రిగ్గర్ లేదు. పోస్ట్‌గ్రెస్‌లో ఉంది, స్టేట్‌మెంట్-లెవెల్ మాత్రమే.

ముందు చెప్పిన ముతక సూత్రానికి పెద్ద మినహాయింపు పోస్ట్‌గ్రెస్ లాజికల్ రెప్లికేషన్ (ఒక సర్వర్‌లోని మార్పులను ఇంకో సర్వర్‌కు పంపే ఏర్పాటు). అవతలి సర్వర్‌లో మార్పులు వరుసలుగా వస్తాయి, అసలు స్టేట్‌మెంట్ అక్కడికి చేరదు. ట్రిగ్గర్‌ను రెప్లికా లేదా ఆల్వేస్ అని ఎనేబుల్ చేసినా నడిచేవి రో ట్రిగ్గర్లే. మొదటిసారి డేటాను కాపీ చేసుకునే దశలో మాత్రం రెండు రకాలూ నడుస్తాయి. సారాంశాన్ని రెప్లికా వైపు కట్టాలనుకున్నవాళ్లు స్టేట్‌మెంట్ ట్రిగ్గర్ రాసి పరీక్షిస్తే, మొదటి కాపీలో లెక్క సరిపోయి, ఆ తర్వాత నుంచి కదలకుండా ఉండిపోతుంది. అక్కడ రో-లెవెల్‌లో తేడాలను పోగేసి తర్వాత కూడే మైఎస్‌క్యూఎల్ పద్ధతే దిక్కు. కమిట్ దాకా వాయిదా వేయాల్సిన తనిఖీలకూ అంతే. డిఫరబుల్ కన్‌స్ట్రెయింట్ ట్రిగ్గర్ ఆఫ్టర్ రో అయి తీరాలి.

ఇప్పటికే ఉన్న ట్రిగ్గర్ ఏ వైపు ఉండాలో తేల్చుకోవడానికి పోస్ట్‌గ్రెస్‌లో "ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్" సరిపోతుంది. అది ప్రతి ట్రిగ్గర్ పేరు, పట్టిన సమయం, ఎన్నిసార్లు నడిచిందో విడిగా చూపుతుంది. డిఫర్ చేసిన ట్రిగ్గర్లు మాత్రం అందులో కనిపించవు. అది నిజంగా స్టేట్‌మెంట్‌ను నడుపుతుంది కాబట్టి ట్రాన్సాక్షన్‌లో పెట్టి రోల్‌బ్యాక్ (రద్దు) చేయాలి. వెయ్యి వరుసలకు ఒకసారి, పది వేల వరుసలకు ఒకసారి కొలిచి చూస్తే, సమయం పది రెట్లే పెరిగిందా, వంద రెట్లకు దగ్గరైందా అన్నది తెలిసిపోతుంది. పది రెట్లయితే ట్రిగ్గర్‌ను అలాగే వదిలేయవచ్చు. వంద రెట్ల వైపు పోతుంటే లోపల ఎక్కడో ఒకే వరుసను పదేపదే మార్చడమో, టేబుల్ మొత్తాన్ని పదేపదే చదవడమో జరుగుతోంది. దాన్ని తర్వాతి రేట్ల మార్పు రాకముందే స్టేట్‌మెంట్-లెవెల్‌కు తరలించాలి. తరలించాక సున్నా వరుసలు, ఒక వరుస, చాలా వరుసలు, కీ మారిన వరుస అనే నాలుగు సందర్భాలనూ నడిపి చూడాలి. వీటిలో ఎక్కువమంది వదిలేసేవి మొదటిదీ చివరిదీ.